చీకట్లోనే రంగు పోతోంది, లైటు వేశాక కదలట్లేదు: సీఎన్‌టీ–టైటానియా కాంపోజిట్ గోల

నల్లపొడి
పీహెచ్‌డీ రెండో ఏడు నడుస్తోంది. కార్బన్ నానోట్యూబులూ (సీఎన్‌టీ) టైటానియం డయాక్సైడూ (టైటానియా) కలిపిన కాంపోజిట్‌తో నీళ్ళలో రంగు విరగ్గొట్టడం నా టాపిక్. మల్టీవాల్ ట్యూబుల్ని నైట్రిక్ యాసిడ్‌లో రిఫ్లక్స్ చేసి, కడిగి, టైటానియం ఐసోప్రోపాక్సైడ్‌తో సోల్‌జెల్ చేసి (ద్రావణాన్ని జెల్‌గా గడ్డకట్టించి), గాల్లో 450 డిగ్రీల దగ్గర కాల్చాను. ట్యూబులు బరువులో 10 శాతం ఉండేలా వేశాను. మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు లీటరుకు 10 మిల్లీగ్రాములు, పొడి లీటరుకు 1 గ్రాము. చీకట్లో అరగంట తిప్పేసరికే రంగు ముప్పాతిక వంతు మాయం. తర్వాత 365 నానోమీటర్ల లైటు వేస్తే మిగిలిన పావు వంతు నత్తనడక నడుస్తోంది. అదే బజార్లో దొరికే మామూలు టైటానియా, పీ25 పొడి వేస్తే చీకట్లో పెద్దగా ఏమీ పోదు, లైటు వేశాక మాత్రం చకచకా తేటపడిపోతుంది. మా గైడ్ గారు మొత్తం తొలగింపు 96 శాతం చూసి "బ్రహ్మాండం, ట్యూబులు ఇంకా పెంచు" అంటున్నారు. ఇంకా పెంచితే లైటే అక్కర్లేదేమో! అసలు నేను చేస్తున్నది ఫోటోకెటాలిసిస్సేనా, అంటే కాంతి సాయంతో పొడి రంగుని విరగ్గొట్టడమేనా? వచ్చే నెల కమిటీ ముందు కూర్చోవాలి, టెన్షన్‌గా ఉంది.

మూడో_రివ్యూయర్
కాదు.

ఎలక్ట్రాన్_దొంగ
పేరుకి తగ్గట్టే మాట్లాడావు సామీ. ఒక్క ముక్కలో కొట్టేస్తే ఎలా? పొడి రంగుని పీల్చుకోవడం కూడా పనిలో భాగమే కదా. కాంతికి ఎలక్ట్రాన్ లేచిపోతే మిగిలే ఖాళీలు (హోల్స్), వాటి వల్ల పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్సూ ఉపరితలం దాటి ఎంతో దూరం పోవు, రంగు అణువు దగ్గరికి వస్తేనే విరుగుతుంది. ట్యూబులు ఆ దగ్గరికి తెచ్చే పని చేస్తున్నాయి.

టైటానియా_తాత
ముందు అసలు ఈ ట్యూబుల్ని ఎందుకు కలుపుతారో చూద్దాం, అప్పుడు తప్పెక్కడో తెలుస్తుంది. ఫుజిషిమా, హోండా 1972లో టైటానియా ఎలక్ట్రోడ్ మీద కాంతి వేసి నీటిని విడగొట్టి చూపించినప్పటి నుంచీ జనం దీని వెంట పడ్డారు, దీనికున్న రెండు జబ్బులూ అప్పటి నుంచీ అలాగే ఉన్నాయి. ఎనటేజ్ (టైటానియా స్ఫటికాల్లో ఒక రకం) బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ పైకి లేవడానికి కావాల్సిన శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దాదాపు 388 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగం తగిలితేనే అది కదులుతుంది, ఎండలో అలాంటి కాంతి 5 శాతానికి మించదు. ఇది మొదటి జబ్బు. తగిలి ఎలక్ట్రాన్ పైకి లేచినా, వెనక మిగిలిన హోల్‌తో అది మళ్ళీ కలిసిపోతుంది, లేచినవాటిలో ఎక్కువ భాగం ఇలా వేడిగా వృథా. ఇది రెండోది.

నానోట్యూబు ఈ రెండో జబ్బుకి మందు. టైటానియా రేణువు ట్యూబుకి గట్టిగా అతుక్కుని ఉంటే, లేచిన ఎలక్ట్రాన్ ట్యూబులోకి జారుకుంటుంది, అక్కణ్ణుంచి నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ దాన్ని అందుకుని సూపర్ఆక్సైడ్ అవుతుంది. హోల్ ఒంటరిగా మిగిలి నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిస్తుంది, లేదా రంగునే నేరుగా పట్టుకుంటుంది. ఇదంతా జరగాలంటే రేణువు ట్యూబుని తాకి ఉండాలి. పక్కపక్కన తేలుతుంటే చాలదు.

ఇక్కడే చిక్కు. ట్యూబు నలుపు. టైటానియాకి అందాల్సిన 365 కాంతిని అదే మింగేస్తుంది. పీ25 కూడా లీటరుకు గ్రాము వేస్తే నీళ్ళు పాలలా తెల్లబడి అవతలివైపు కనపడదు, నిజమే, కానీ తెలుపు కాంతిని చిమ్ముతుంది, ఒక రేణువు దగ్గర తప్పిన ఫోటాన్ ఇంకో రేణువుకి దొరుకుతుంది. నలుపు దగ్గర తప్పింది తప్పినట్టే. అందుకే ట్యూబులు కొంచెం కలిపితే రేటు పెరుగుతుంది, ఒక హద్దు దాటాక పడిపోతుంది. హద్దు ఎక్కడన్నది తయారీని బట్టి మారుతుంది. పేపర్లలో 1 శాతం లోపు నుంచి 20 శాతం దాకా రాశారు.

గైడ్ గారిని కాదనమని అనను గానీ, 10 దగ్గర నుంచి పైకి కాదు, కిందికి వెళ్ళు.

నల్లపొడి
థాంక్స్ తాతగారూ. కిందికి అంటే 5, 2, 1 చేయనా?

టైటానియా_తాత
0.5 కూడా. ఆ సున్నా శాతం మర్చిపోకు, అంటే అదే సోల్‌జెల్, అదే కొలిమి, ట్యూబులు మాత్రం లేకుండా. నీ అసలు పోలిక దానితో, పీ25తో కాదు.

రూటైల్_రాణి
తాతగారు చెప్పింది సరే. నాకు మాత్రం ఆ చీకటి అరగంట మీదే అనుమానం. యాసిడ్‌లో ఉడికించిన ట్యూబుల మీద కార్బాక్సిల్ గ్రూపులుంటాయి, మామూలు పీహెచ్ దగ్గర అవి రుణావేశంతో ఉంటాయి. మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు. పైగా దానికి బల్లపరుపు ఆరోమాటిక్ వలయాలు, ట్యూబు గోడకి అతుక్కోవడానికి అంతకన్నా ఏం కావాలి? ఇది వెళ్ళి దానికి అతుక్కోకపోతే ఆశ్చర్యపోవాలి. అదే మిథైల్ ఆరెంజ్ తీసుకుని చూడు, కథ మారిపోతుంది.

పీహెచ్ కూడా రాయలేదు నువ్వు. టైటానియా ఉపరితలం ఆవేశం దాదాపు 6 నుంచి 6.5 పీహెచ్ మధ్యలో తిరగబడుతుంది, దానికి పైన రుణం, కింద ధనం. పీహెచ్ చెప్పకుండా అడ్సార్ప్షన్ (పొడికి రంగు అతుక్కోవడం) గురించి మాట్లాడటం దండగ.

నల్లపొడి
పీహెచ్ కదపలేదు అక్కా, డిస్టిల్డ్ వాటర్‌లో ఎంతుంటే అంత.

మూడో_రివ్యూయర్
డిస్టిల్డ్ వాటర్‌లో ఎంతుంటే అంత అని పేపర్‌లో రాస్తే నా చేతికే రావాలని కోరుకుంటున్నా.

బాల్‌మిల్_బాబాయ్
నవ్వించకండి.

ఎలక్ట్రాన్_దొంగ
రూటైల్ గారూ, అతుక్కోవడం నిజమే, ఒప్పుకుంటా. కానీ చివరికి విరుగుతోందా లేదా అన్నదే లెక్క. చీకట్లో 75 శాతం ట్యూబు మీదికి చేరింది, లైటు వేశాక అది అక్కడే విరుగుతూ ఉండొచ్చు. నీళ్ళలో ఉన్న రంగుని మాత్రమే మనం కొలుస్తున్నాం. పొడి మీద ఉన్నది విరిగిన కొద్దీ నీళ్ళలోంచి కొత్తది వెళ్ళి అతుక్కుంటుంది, లేదా పొడి మీదిదే నీళ్ళలోకి వదులుతుంది. అంటే ద్రావణం రీడింగు మెల్లగా దిగుతోందంటే లోపల పని మెల్లగా జరుగుతోందని కాదు. మీరంతా కాంపోజిట్‌ని తక్కువ చేసి చూస్తున్నారేమో.

టైటానియా_తాత
దొంగా, ఇది మంచి పాయింటు. రీడింగు రెండు వైపులా మోసం చేస్తుంది. మొత్తం తొలగింపు అని లెక్కేస్తే ఎక్కువ చూపిస్తుంది, చీకటి తర్వాత నుంచి లాగరిథమ్ గీత గీసి కే విలువ (రంగు తగ్గే వేగం అంకె) తీస్తే ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. పొడి మీద ఎంత మిగిలిందో కొలవకుండా ఈ వాదన తేలదు.

రూటైల్_రాణి
కొలవడానికి దారి ఉంది. లైటు ప్రయోగం అయ్యాక పొడిని సెంట్రిఫ్యూజ్ చేసి, పైన నీళ్ళు వంచేసి, అడుగున ఉన్న ముద్దలో ఇథనాల్ పోసి కాసేపు సోనికేట్ చెయ్. మళ్ళీ సెంట్రిఫ్యూజ్. పై ద్రవం చూడు. మా ల్యాబ్‌లో "98 శాతం డిగ్రడేషన్" అని ఫ్లెక్సీ కట్టేంత పని చేసిన ఒక శాంపిల్‌ని ఇలా కడిగితే ఇథనాల్ సిరాలాగా ముదురు నీలంగా దిగింది. సెంట్రిఫ్యూజ్ గొట్టం అడుగున నల్లటి ముద్ద, దాని మీద నీలం. రంగు ఎక్కడికీ పోలేదు, బట్టలు మార్చుకుని కూర్చుంది.

ఇథనాల్‌లో కొన్ని చుక్కలు యాసిడ్ కలిపితే ఇంకా బాగా వదులుతుంది, కార్బాక్సిల్‌కి ప్రోటాన్ దొరికితే రంగుని పట్టుకున్న చెయ్యి సడలుతుంది. అప్పటికీ మొత్తం రాకపోవచ్చు, అందుకే చీకట్లో మాత్రమే ఉంచిన పొడిని కూడా ఇలాగే కడిగి, ఎంత తిరిగొస్తుందో ముందే చూసుకోవాలి. లైటు చూసిన పొడికీ చీకటి పొడికీ తేడా ఎంతో, అంత విరిగినట్టు.

నల్లపొడి
ఇది రేపే చేస్తా. ఇంత సులువుగా తేలేదాన్ని ఏ పేపర్లోనూ చూడలేదే.

మూడో_రివ్యూయర్
చూడవు. తేలిపోతుందని భయం.

కాంతిరేఖ
నాదొక అనుబంధ ప్రశ్న, థ్రెడ్ పక్కదారి పట్టిస్తే తిట్టండి. నా కాంపోజిట్‌కి డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్ (పొడి వెనక్కి చిమ్మే కాంతి) తీసి, దాన్నుంచి బ్యాండ్ గ్యాప్ లెక్కేసే టాక్ ప్లాట్ గీస్తే బ్యాండ్ గ్యాప్ 3.2 నుంచి 2.7కి వచ్చింది. అంటే ఇప్పుడు నాది మామూలు కనపడే కాంతిలో కూడా పనిచేస్తుందనే కదా?

రూటైల్_రాణి
నల్లటి పొడి అన్ని తరంగాల్నీ తాగుతుంది, దాంతో గ్రాఫులో బేస్‌లైన్ మొత్తం పైకి లేస్తుంది. లేచిన బేస్‌లైన్‌ని పట్టించుకోకుండా వంపు దగ్గర స్కేలు పెట్టి సున్నా దాకా గీత లాగితే అది ఎడమకో కుడికో ఎక్కడో తగులుతుంది, ఆ తగిలిన చోటు బ్యాండ్ గ్యాప్ కాదు. అసలు వంపు మొదలయ్యే చోటు చూడు, పీ25కీ నీకూ ఒకేచోట ఉంటుంది. మసి కలిపిన సున్నాన్ని కొలిచి సున్నం రంగు మారిందన్నట్టు ఉంటుంది ఈ లెక్క.

కాంతిరేఖ
అయ్యో, ఇప్పటికే స్లైడ్స్‌లో పెట్టేశా. కానీ టైటానియం–ఆక్సిజన్–కార్బన్ బంధం ఏర్పడితే కొత్త లెవెల్స్ వస్తాయంటారు కదా?

టైటానియా_తాత
రావచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఆ సాక్ష్యం ఎక్స్‌పీఎస్ (ఉపరితలం మీది బంధాలు చూపే ఎక్స్‌రే పరీక్ష) నుంచి రావాలి, ఇంకా గట్టిగా కావాలంటే ఏ తరంగానికి ఎంత పని జరిగిందో ఒక్కో తరంగం దగ్గర కొలిచిన యాక్షన్ స్పెక్ట్రమ్ నుంచి రావాలి. టాక్ ప్లాట్ ఒక్కటీ చూపించి అంత మాట అనడం కుదరదు.

ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటికాల్ని గుర్తుపట్టే ఎక్స్‌రే పరీక్ష) దగ్గర కూడా జాగ్రత్త. ఎనటేజ్ 101 శిఖరం 25.3 డిగ్రీల దగ్గర, ట్యూబుల 002 శిఖరం 26 దగ్గర. రెండోది మొదటిదాని నీడలో దాక్కుంటుంది. ట్యూబుల శిఖరం కనపడలేదు కాబట్టి బాగా చెదిరిపోయాయి అని రాసేవాళ్ళున్నారు. కనపడదు, అంతే. ట్యూబులున్నాయా లేదా చూడాలంటే రామన్ స్పెక్ట్రమ్ తీయాలి: ట్యూబుల డీ శిఖరం 1350 దగ్గర, జీ శిఖరం 1580 దగ్గర, ఎనటేజ్‌ది 144 దగ్గర నిటారుగా.

ఎలక్ట్రాన్_దొంగ
ఫోటోల్యూమినెసెన్స్ (పొడి తిరిగి వెలిగే వెలుగు) తగ్గింది కాబట్టి రీకాంబినేషన్ (ఎలక్ట్రాన్, హోల్ మళ్ళీ కలిసిపోవడం) తగ్గింది అనే వాక్యం కూడా ఇదే జాబితాలో వేసుకోండి. నల్లటి ట్యూబు ఇటు లోపలికెళ్ళే కాంతినీ, అటు బయటికొచ్చే కాంతినీ రెండింటినీ మింగుతుంది. తగ్గకుండా ఎలా ఉంటుంది?

మూడో_రివ్యూయర్
నువ్వు ఏ పార్టీ అసలు?

ఎలక్ట్రాన్_దొంగ
ట్యూబుల పార్టీనే. పిచ్చి సాక్ష్యాలు పెట్టి మా పార్టీని మీరే ఓడిస్తున్నారు.

ఈటీపీ_ఆపరేటర్
నేను ల్యాబ్ మనిషిని కాదు, రంగుల అద్దకం నుంచి వచ్చే నీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్లో పని. ఇక్కడ చదివి ఒకటి అడగాలనిపించింది. మీరంతా డిస్టిల్డ్ వాటర్‌లో చిటికెడు రంగు కలిపి కొడుతున్నారు. మా దగ్గరికి వచ్చే నీళ్ళలో రియాక్టివ్ రంగులతో పాటు ఉప్పు దండిగా ఉంటుంది, సోడా యాష్ ఉంటుంది, పీహెచ్ 10 దాటి ఉంటుంది, సబ్బులూ పిండి పదార్థాలూ సరేసరి. రంగు ఎంత ముదురంటే గాజు గ్లాసులో పోసి వెలుతురుకి పట్టినా అవతలిది కనపడదు. ఇందులో మీ పొడికి లైటు ఎలా తగులుతుంది? తగిలిందే అనుకోండి, పని అయ్యాక ఆ సన్నటి నల్లపొడిని నీళ్ళలోంచి ఎలా వెనక్కి తీస్తారు?

మూడో_రివ్యూయర్
థ్రెడ్ మొత్తంలో మొదటి అసలు ప్రశ్న.

టైటానియా_తాత
ఆపరేటర్ గారూ, మొహమాటం లేకుండా చెప్తాను. మీ ట్యాంకులో నేరుగా ఇది పనిచేయదు. సోడా యాష్ నుంచి వచ్చే కార్బొనేట్, బైకార్బొనేట్ హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని తినేస్తాయి, క్లోరైడ్ ఉపరితలం మీద చోటు ఆక్రమిస్తుంది. రంగే కాంతిని తినేస్తుంది, లోతుకి పోనివ్వదు. దీనికి చోటంటూ ఉంటే చివర్లో: గడ్డకట్టించడం, బయోలాజికల్ అన్నీ అయ్యాక, నీళ్ళు కాస్త పలచబడి మొండి రంగు కొంచెం మిగిలినప్పుడు, పలచటి పొరగా పారే నీటి మీద.

పొడి వెనక్కి తీయడం నిజంగా పెద్ద సమస్య. అందుకే గాజు మీదో, మెంబ్రేన్ మీదో, ఫైబర్ మీదో అతికించి వాడాలని చూస్తున్నారు. అతికిస్తే కాంతి తగిలే వైశాల్యం తగ్గి రేటు పడిపోతుంది. రెండూ కావాలంటే కుదరట్లేదు ఇప్పటికి.

ఎలక్ట్రాన్_దొంగ
మా పార్టీకి ఇక్కడే ఓట్లు. పొడిగా కలిపి తిప్పడంలో ట్యూబులకి పెద్ద గొప్పతనం లేదు, కానీ ట్యూబుల్ని షీటులా అల్లి దాని మీద టైటానియా పూసి, దానికి చిన్న వోల్టేజీ ఇస్తే ఎలక్ట్రాన్లని తీగ ద్వారా లాగేయొచ్చు, హోల్స్ తీరిగ్గా రంగు పని పడతాయి. ఫోటోఎలక్ట్రోకెటాలిసిస్. ఉప్పు ఉన్న నీళ్ళలో కరెంటు ఇంకా బాగా పారుతుంది.

మూడో_రివ్యూయర్
ఉప్పున్న నీళ్ళలో కరెంటు పెడితే క్లోరిన్ కూడా పుడుతుంది, ఆ క్లోరిన్ రంగుని తెల్లబరుస్తుంది, మీరు అది టైటానియా గొప్పతనం అని రాసుకుంటారు. పైగా క్లోరిన్ తగులుకున్న కొత్త పదార్థాలు బోనస్.

ఎలక్ట్రాన్_దొంగ
అది కంట్రోల్ పెట్టి చూడాల్సిన విషయం, నిజమే. అయినా నువ్వు ఏదీ ఒప్పుకోవుగా.

ఈటీపీ_ఆపరేటర్
రంగు తెల్లబడటం, రంగు పోవడం వేరని అంటున్నారు కదా. మాకు రంగు కంటికి కనపడకపోతే సగం గొడవ తీరుతుంది, మిగతా సగం సీఓడీ, అంటే నీళ్ళలోని మలినాల్ని ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్ లెక్క. ఆ సీఓడీ తగ్గుతుందా దీనితో?

రూటైల్_రాణి
అదే అసలు కొలత సార్. రంగు అంటే అణువులో ఒక భాగం మాత్రమే, అజో రంగు అయితే రెండు నైట్రోజన్ల మధ్య బంధం తెగితే చాలు కంటికి తేట. మిగతా వలయాలు నీళ్ళలోనే ఉంటాయి, పరిస్థితి అటూ ఇటూ అయితే ఆరోమాటిక్ అమీన్లుగా తేలతాయి, అవి ఒక్కోసారి రంగు కన్నా చెడ్డవి. అందుకే టీఓసీ కొలవమంటాం, అంటే నీళ్ళలో సేంద్రియ కార్బన్ మొత్తం ఎంత మిగిలిందో. ఎప్పుడైనా సరే టీఓసీ రంగు కన్నా బాగా వెనకబడి దిగుతుంది.

మిథిలీన్ బ్లూకి ఇంకో రెండు వేషాలున్నాయి. ఒకటి, దాని మిథైల్ గ్రూపులు ఒక్కొక్కటే ఊడుతుంటే 664 నానోమీటర్ల శిఖరం 600 వైపు జరుగుతుంది. యంత్రాన్ని 664 దగ్గరే పెట్టి కూర్చుంటే శిఖరం కిందికి పడిందో పక్కకి జరిగిందో తెలియదు. కాబట్టి ప్రతిసారీ మొత్తం స్పెక్ట్రమ్ తీయాలి. రెండు, ఆక్సిజన్ సరిగ్గా అందకపోతే టైటానియా ఎలక్ట్రాన్లు దాన్ని ల్యూకో (రంగులేని) రూపానికి మార్చేస్తాయి. నీళ్ళు తేట, రంగు మాత్రం క్షేమం. కాసేపు గాలి ఊది చూడు, మళ్ళీ నీలం వస్తే విరగలేదన్నమాట.

బాల్‌మిల్_బాబాయ్
దీన్ని చిన్నపిల్లల సైన్స్ ఫెయిర్లో మ్యాజిక్‌గా చూపించేవాళ్ళం. ఇప్పుడు ఇదే పీహెచ్‌డీ అయి కూర్చుంది.

కాంతిరేఖ
కనపడే కాంతిలో మిథిలీన్ బ్లూ వాడకూడదని కూడా అంటారు కదా, అదెందుకు?

రూటైల్_రాణి
రంగు తనే ఆ కాంతిని తాగి, తన ఎలక్ట్రాన్‌ని టైటానియాలోకి నెట్టేసి, తనంతట తానే పాడవుతుంది. కెటలిస్ట్ కాంతిని వాడుకోలేదు. కాబట్టి కనపడే కాంతి అని క్లెయిమ్ చేయాలంటే రంగులేని దాన్ని వాడు, ఫినాల్ కానీ 4-క్లోరోఫినాల్ కానీ. మిథిలీన్ బ్లూ పరీక్షకి 2010లో ఐఎస్‌ఓ ప్రమాణం వచ్చింది, 10678 నంబరు, అది కూడా అతినీలలోహిత కాంతిలో, పూత పూసిన ఉపరితలాల కోసం. బీకర్లో పొడి తిప్పి కనపడే కాంతి వేసే మన పనికి కాదు.

సెంట్రిఫ్యూజ్_సుందరి
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. శాంపిల్‌ని సిరంజి ఫిల్టర్‌తో వడకట్టకండి, లేదా వడకట్టేముందు పొడి లేని రంగునీళ్ళు వడకట్టి చూడండి. కొన్ని మెంబ్రేన్లు రంగుని సుబ్బరంగా తాగేస్తాయి, తెల్లటి డిస్కు నీలమై కూర్చుంటుంది, తగ్గింది కెటలిస్ట్ వల్ల అనుకుంటాం. సెంట్రిఫ్యూజ్ మేలు. అందులో కూడా సన్నటి ట్యూబు ముక్కలు పైనే తేలుతుంటే బేస్‌లైన్ లేస్తుంది, 800 దగ్గర రీడింగు సున్నాకి రాకపోతే మళ్ళీ తిప్పండి. ప్రోబ్ సోనికేటర్ ఎక్కువసేపు వాడినవాళ్ళకి ఈ బాధ ఎక్కువ, ట్యూబులు తెగిపోతాయి.

లీటరుకు 10 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ అంటే 1 సెంటీమీటర్ క్యువెట్‌లో అబ్జార్బెన్స్ 2 దాటుతుంది. అంత ఎత్తులో చాలా యంత్రాలు సరిగ్గా చెప్పవు. పలచన చేసి కొలవండి.

నల్లపొడి
సుందరి గారూ, పలచన చేస్తున్నా, అది ఓకే. ఫిల్టర్ మాత్రం వాడుతున్నా, చూస్తా.

ఇంకో డౌట్. స్కావెంజర్ టెస్టులు (ఒక్కో రాడికల్‌నీ పట్టేసే మందు వేసి వేగం తగ్గిందా చూడటం) పెట్టమంటున్నారు గైడ్ గారు. ఐసోప్రొపనాల్ హైడ్రాక్సిల్‌కి, ఈడీటీఏ హోల్స్‌కి, బెంజోక్వినోన్ సూపర్ఆక్సైడ్‌కి. ఇది చాలా?

టైటానియా_తాత
చెయ్, కానీ నమ్మకం మితంగా. బెంజోక్వినోన్ తనే అతినీలలోహిత కాంతిని మింగుతుంది, ఎలక్ట్రాన్లనీ లాక్కుంటుంది. ఈడీటీఏ ఉపరితలానికి అతుక్కుని రంగుని నెట్టేస్తుంది. వేగం తగ్గడానికి ఇన్ని కారణాలుంటే "ప్రధాన పాత్ర సూపర్ఆక్సైడ్‌దే" అని తేల్చి చెప్పే వాక్యం రాయకు.

మూడో_రివ్యూయర్
సీరియస్‌గానే అడుగుతున్నా, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ టాపిక్ ఎందుకు? నానోట్యూబుల మీద ఐజిమా పేపర్ 1991. అప్పటి నుంచి ట్యూబుల్ని ప్రతిదాంట్లోనూ కలిపారు. పీ25 ఉంది, 80 ఎనటేజ్ 20 రూటైల్ (టైటానియాకి ఇంకో స్ఫటిక రూపం) చొప్పున, గ్రాముకి 50 చదరపు మీటర్ల వైశాల్యం, తెల్లగా, చవగ్గా. దాన్ని సమాన కాంతిలో, సమాన బరువులో, రంగులేని కాలుష్యం మీద గట్టిగా ఓడించిన నల్లపొడి ఎన్ని చూశారు? అందరూ తమ సొంత బలహీనమైన టైటానియాని ఓడించి పండగ చేసుకుంటారు.

ఎలక్ట్రాన్_దొంగ
ఇందాక తాతగారే సొంత సున్నా శాతంతో పోల్చమన్నారు.

టైటానియా_తాత
రెండింటితోనూ పోల్చాలి. ట్యూబు వల్ల ఏమైనా ఒరిగిందా అన్నదానికి సొంత టైటానియా. ఒరిగినది వాడకానికి పనికొస్తుందా అన్నదానికి పీ25. మూడోది ఒకటుంది, అదే ముఖ్యం: అదే శాతం ట్యూబుల్ని తయారైన టైటానియాతో ఊరికే కలిపిన పొడి. కాంపోజిట్ దాన్ని కూడా దాటలేకపోతే సోల్‌జెల్ అంతా వృథా శ్రమే. ఈ కలిపిన పొడి కంట్రోల్ లేని పేపర్ని నేను రెండో పేజీ దాటి చదవను.

రూటైల్_రాణి
కే విలువల్ని పక్క ల్యాబ్ పేపర్‌తో టేబుల్ వేసి పోల్చేది ఇంకో సరదా. లైటు వేరు, దూరం వేరు, బీకరు వేరు. ఫెర్రియాక్సలేట్ అనే కాంతికి మారే రసాయనంతో ఎన్ని ఫోటాన్లు లోపలికెళ్తున్నాయో కొలిచి రాసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. లైటు పక్కనే పెట్టి చల్లార్చకపోతే నీళ్ళు వేడెక్కి అదొక గోల.

బాల్‌మిల్_బాబాయ్
పొడి తూచేటప్పుడు మాస్కు పెట్టుకుంటున్నావా నల్లపొడీ? పొడవాటి బిరుసైన మల్టీవాల్ ట్యూబుల్లో ఒక రకాన్ని, మిత్సుయి-7ని, 2014లో ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) 2బీ గ్రూపులో పెట్టింది, అంటే మనుషులకి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవి. టైటానియా పొడి 2006 నుంచే అదే గ్రూపు. ఊపిరితిత్తుల్లోకి పోతేనే, నీళ్ళలో ఉన్నప్పుడు కాదు. ఫ్యూమ్ హుడ్‌లో తూచు, బల్ల మీద తూచి ఊదేయకు.

ఈటీపీ_ఆపరేటర్
అదే పొడి నా నీళ్ళలోంచి బయటికెళ్తే మరి? రంగు తీసి ట్యూబులు వదలడం ఏం లాభం?

ఎలక్ట్రాన్_దొంగ
దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు సార్, షీటులా అల్లినవాటిలో ఊడటం తక్కువ అంటారు, ఎన్ని నెలలు ఆగుతాయో చూపించినవాళ్ళు తక్కువ.

నల్లపొడి
అప్‌డేట్. ఇథనాల్ టెస్ట్ చేశా. 10 శాతం పొడి: చీకట్లో ఉంచినదీ లైటు చూసినదీ రెండూ నీలంగానే దిగాయి, లైటు చూసింది కాస్త తక్కువ నీలం. కాబట్టి మూడో రివ్యూయర్ గారి "కాదు" పూర్తిగా కరెక్ట్ కాదు, మా గైడ్ గారి 96 కూడా కాదు.

టీజీఏ (వేడి చేస్తూ బరువు తగ్గడం కొలిచే పరీక్ష) కూడా వచ్చింది. 10 వేస్తే మిగిలింది 7 కూడా లేదు. ఉత్త ట్యూబుల్ని తీస్తే 550 దాకా చెక్కుచెదరలేదు, కాంపోజిట్‌లో మాత్రం ముందే కాలడం మొదలైంది.

1 శాతం, సున్నా శాతం, కలిపిన పొడి చేసి ఫినాల్ మీద పెట్టా. 1 శాతం నా సొంత టైటానియానీ, కలిపిన పొడినీ రెండింటినీ దాటింది. పీ25ని దాటలేదు. ఐసోప్రోపాక్సైడ్ నీళ్ళు తగలగానే తెల్లగా గడ్డకట్టేస్తోంది, ట్యూబుల మీద పూతలా కాకుండా ఉండలు ఉండలుగా అంటుకున్నట్టు సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) కనపడుతోంది, అది కూడా కారణమా?

టైటానియా_తాత
అదే కారణం అయ్యుంటుంది. ఐసోప్రోపాక్సైడ్ దూకుడు తగ్గించు. అసిటైల్ అసిటోన్ కానీ అసిటిక్ యాసిడ్ కానీ ముందు కలిపి దాన్ని కట్టేస్తే జలవిశ్లేషణ నెమ్మదిస్తుంది, నీళ్ళని ఆల్కహాల్‌లో కలిపి చుక్కచుక్కగా వెయ్యి. ట్యూబు మీది కార్బాక్సిల్ దగ్గర పెరగడానికి దానికి సమయం ఇవ్వాలి. గాల్లో టైటానియా తగిలి ఉన్న ట్యూబు ముందే కాలుతుంది, అందరికీ ఉండే బాధే. ఆర్గాన్‌లో కాల్చి చూడు, కాకపోతే సున్నా శాతాన్ని కూడా ఆర్గాన్‌లోనే కాల్చాలి, లేకపోతే ఆక్సిజన్ లోపాల వల్ల వచ్చిన తేడాని ట్యూబు ఖాతాలో రాస్తావు.

మూడో_రివ్యూయర్
పీ25ని దాటలేదని పేపర్లో రాస్తావా?

నల్లపొడి
గైడ్ గారు సప్లిమెంటరీలో పెడదాం అన్నారు.

మూడో_రివ్యూయర్
మెయిన్ ఫిగర్లో పెట్టు. నా దగ్గరికొస్తే మైనర్ రివిజన్.

రూటైల్_రాణి
స్క్రీన్‌షాట్ తీసుకో నల్లపొడీ, ఈయన నోట ఆ మాట మళ్ళీ రాదు. ఫినాల్‌కి టీఓసీ కూడా పెట్టావా? క్యాటెకాల్, హైడ్రోక్వినోన్ మధ్యలో తేలి 270 శిఖరం మీదే పడతాయి, యూవీలో ఫినాల్ ఉన్నట్టే కనిపిస్తుంది. హెచ్‌పీఎల్‌సీ (కలిసి ఉన్న పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) దొరికితే వదలకు.

నల్లపొడి
హెచ్‌పీఎల్‌సీ పక్క డిపార్ట్‌మెంట్లో ఉంది, కాలమ్ మాదే తెచ్చుకోమంటున్నారు. ఆర్గాన్ సిలిండర్ ఖాళీ, ఇండెంట్ పెట్టా.

సెంట్రిఫ్యూజ్_సుందరి
ఫిల్టర్ సంగతి తేల్చావా ఇంతకీ?

నల్లపొడి
తేలింది. డిస్కు నీలం.